దొంగ ఎక్సెల్ వద్దు! లిబ్రేఆఫీస్ కాల్క్ వేసుకుందాం, పదిమందికీ వేసిపెడదాం!

అంగళ్లలో లెక్కలు రాసే గుమాస్తాలకు, పొదుపు సంఘాల పద్దులు చూసే అక్కలకు, కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, మార్కుల జాబితాలతో రాత్రుళ్లు కూర్చునే మాస్టార్లకు, టీచరమ్మలకు, డీటీపీ సెంటర్లు, నెట్ సెంటర్లు నడిపే మిత్రులకు...

మీ కంప్యూటర్‌లో ఉన్న ఎక్సెల్ ఎక్కడి నుంచి వచ్చింది? ఒక్కసారి గుర్తు చేసుకోండి. చాలామంది దగ్గర జరిగింది ఒకటే. కంప్యూటర్ కొన్న రోజు షాపతను "అన్నీ వేసే ఇస్తానన్నా" అని పెన్‌డ్రైవ్ పెట్టాడు. ముందు యాంటీవైరస్ ఆపేశాడు. తర్వాత యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపాడు. ఎక్సెల్ తెరుచుకుంది. బిల్లులో దాని ఊసు లేదు. అప్పటి నుంచి మన కిరాణా ఖాతాలు, మన సంఘం అప్పుల వాయిదాలు, మన పిల్లల మార్కులు అన్నీ ఆ దొంగ కాపీ మీదే నడుస్తున్నాయి.

యాంటీవైరస్ ఎందుకు ఆపాల్సి వచ్చిందో ఆ రోజు మనం అడగలేదు. ఆపకపోతే అది యాక్టివేటర్‌ను పట్టుకుంటుంది గనక! కాపలావాణ్ణి బయటికి పంపి లోపలికి తెచ్చుకున్నది ఏమిటో మనకూ తెలియదు, ఆ షాపతనికీ తెలియదు. ఎవరో ఎక్కడో తయారుచేసి నెట్‌లో పడేస్తే అతను దింపుకున్నాడు, మనకు వేశాడు, అంతే.

పైగా దొంగ విండోస్, దొంగ ఆఫీస్ ఉన్న చోట అప్‌డేట్లు కూడా ఆపేసి పెడతారు, అప్‌డేట్ వస్తే గుట్టు బయటపడుతుందని. దాని ఫలితం ఎలా ఉంటుందో 2017 మే నెలలో ప్రపంచమంతా చూసింది. వన్నాక్రై అనే వైరస్ కంప్యూటర్లలోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను, అప్పటికి అమల్లో ఉన్న విండోస్‌లకు, మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలలు గడిచినా వేసుకోని యంత్రాలు దెబ్బతిన్నాయి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1957 కాపీరైట్ చట్టంలో 63బి అనే సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను వాడితే 7 రోజులకు తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపారం కోసం వాడలేదని తేలితే కోర్టు జైలు తప్పించి 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. మరి దుకాణంలో రోజూ బిల్లులు కొట్టే కంప్యూటర్‌ను పట్టుకుని వ్యాపారం కోసం కాదని ఎలా చెప్పుకుంటాం? మిమ్మల్ని భయపెట్టాలని ఇది రాయడం లేదు. ఇంత ముప్పు నెత్తిన పెట్టుకోవాల్సిన అవసరమే లేదని చెప్పడానికి రాస్తున్నాం.

డబ్బు పెట్టి కొనుక్కోగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు, అది న్యాయమైన దారే. కానీ ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్నది ఏడాది చందా. చందా గడువు దాటితే మన ఫైలు తెరుచుకుంటుంది, ప్రింటు కూడా వస్తుంది, ఒక్క అంకె మార్చనివ్వదు. రెండు పంటలు పోయిన ఏడు ఎరువుల అంగడివాడు చందా కట్టలేకపోతే తన బాకీల జాబితాలో తనే జమ రాసుకోలేడు.

దీనికి మూడో దారి ఉంది. అది మొన్న పుట్టింది కాదు.

ఎవరిదీ లిబ్రేఆఫీస్?

జర్మనీలో మార్కో బోరీస్ అనే కుర్రవాడు 1980లలో స్టార్‌డివిజన్ అనే కంపెనీ పెట్టాడు. అక్కడ తయారైన స్టార్‌ఆఫీస్‌ను 1999లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది. మరుసటి ఏడాది, 2000లో, సన్ ఆ ప్రోగ్రామ్ మూలరాతను, అంటే సోర్స్ కోడ్‌ను, అంతా బయటపెట్టి ఓపెన్‌ఆఫీస్ అనే పేరుతో అందరికీ వదిలింది. ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, పంచవచ్చు అనే షరతుతో వదిలింది. పదేళ్లు అలాగే సాగింది. 2010లో సన్ కంపెనీని ఒరాకిల్ కొనేసింది. కొత్త యజమాని చేతిలో ఇది ఏమవుతుందోనని దాని మీద పనిచేస్తున్నవాళ్లకు బెంగ పట్టుకుంది. మామూలు కంపెనీ సరుకైతే వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. కానీ మూలరాత అందరిదీ! ఆ ఏడాది సెప్టెంబరు 28న వాళ్లు డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థను ప్రకటించి, అదే రాతను తీసుకుని, లిబ్రేఆఫీస్ అని పేరు పెట్టి ముందుకు నడిచారు. ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఆ సంస్థ ఇప్పుడు బెర్లిన్ కేంద్రంగా, లాభాపేక్ష లేకుండా నడుస్తోంది.

ఈ కథ ఎందుకు చెబుతున్నామంటే, ఊరికే వచ్చేది రేపు ఊరికే పోదా అని చాలామంది అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. జవాబు 2010లోనే దొరికింది. యజమాని మారినా, కంపెనీ మూతపడినా, ఈ ప్రోగ్రామ్‌ను మన దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేరు. దాన్ని మన ఇంట్లో రెండు కంప్యూటర్లలో వేసుకున్నా, ఊళ్లో రెండు వందల కంప్యూటర్లలో వేసినా అడిగేవాడు లేడు. మీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి పక్కవాడికి ఇవ్వడం చట్టం ఒప్పుకున్న పని. ఇన్నాళ్లూ గుట్టుగా చేసిన ఆ పనే ఇక బాహాటంగా చేయవచ్చు.

లిబ్రేఆఫీస్‌లో లెక్కల పట్టికల భాగం పేరు కాల్క్. ఉత్తరాలు రాసుకునే రైటర్, స్లైడ్లు చేసే ఇంప్రెస్ కూడా దాంతోపాటే వస్తాయి. ఒక్కో షీట్‌లో 10,48,576 అడ్డు వరుసలు, 16,384 నిలువు వరుసలు. ఎక్సెల్‌లోనూ అంతే. సమ్, ఇఫ్, వీలుకప్ లాంటి ఫార్ములాలు అవే పేర్లతో పనిచేస్తాయి. ఎక్స్‌లుకప్, ఫిల్టర్ కూడా 2024లో వచ్చిన 24.8 వెర్షన్‌తో చేరాయి. పివట్ టేబుల్ ఉంది. అప్పు వాయిదా లెక్కగట్టే పీఎంటీ ఉంది. ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న విద్య ఏదీ వృథా పోదు.

ఎక్కడ దొరుకుతుంది?

సైట్ పేరు లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్. ఎల్, ఐ, బి, ఆర్, ఇ అనే అక్షరాలు కొట్టి, ఖాళీ వదలకుండా ఆఫీస్ అని కొట్టి, చివర డాట్ ఆర్గ్. వెతుకుడు పెట్టెలో పేరు కొట్టి పైన ప్రకటనగా వచ్చిన మొదటి లింకును నొక్కకండి. అలాంటి పేర్లతో నకిలీ సైట్లు పెట్టి చెత్త అంటగట్టేవాళ్లు ఉన్నారు. చిరునామా చేత్తో కొట్టడమే మేలు.

అక్కడ డౌన్‌లోడ్ నొక్కితే విరాళం ఇవ్వమని అడిగే పేజీ కనిపిస్తుంది. డబ్బు కడితేనే ఇస్తారేమోనని చాలామంది అక్కడే మూసేస్తున్నారు. కట్టక్కర్లేదు. ఫైలు దానంతటదే దిగుతూ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో, ఆపిల్ స్టోర్‌లో వెతికితే మాత్రం ధర కనిపిస్తుంది, స్టోర్ ద్వారా తీసుకునేవాళ్లకు ఆ సొమ్ము పెట్టారు. సైట్‌లో తీసుకుంటే రూపాయి కూడా లేదు.

ఇంకో హెచ్చరిక. ఓపెన్‌ఆఫీస్ అనే పాత పేరు విని దాన్ని దింపుకోకండి. ఒరాకిల్ దాన్ని 2011లో అపాచీ సంస్థకు ఇచ్చేసింది. ఇప్పటికీ దొరుకుతుంది, కానీ 2014లో వచ్చిన 4.1 వెర్షన్‌కు చిన్నచిన్న మరమ్మతులు తప్ప పెద్ద మార్పు లేదు. ఇప్పటి ఎక్సెల్ ఫైలును అది తెరుస్తుంది గానీ మళ్లీ అదే రకంగా దాచిపెట్టలేదు. మనకు కావలసింది లిబ్రేఆఫీస్.

విండోస్ ఉన్నవాళ్లు

సైట్‌లో రెండు వెర్షన్లు కనిపిస్తే, సంఖ్య తక్కువగా ఉన్నది తీసుకోండి. అది ఎక్కువ కాలం వాడుకలో నలిగింది, దుకాణానికీ ఆఫీసుకూ అదే నయం. ఫైలు సుమారు 350 ఎంబీ ఉంటుంది. ఫోన్ డేటాతో దింపేవాళ్లు ఒక్కరు దింపి మిగతావాళ్లకు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

దిగిన ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అనే పేజీ చూడండి. ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే పేరు ఉండాలి. ఆ పేరు లేకపోతే ఆ ఫైలు తీసి పారేయండి. అరనిమిషం పని. పెన్‌డ్రైవ్ చేతులు మారి వచ్చిన ప్రతిసారీ ఈ పని చేయాలి, ఇచ్చినవాడు సొంత అన్నయ్యే అయినా సరే.

తర్వాత రెండుసార్లు నొక్కితే ఇన్‌స్టాలర్ తెరుచుకుంటుంది. టిపికల్, కస్టమ్ అని రెండు దారులు చూపిస్తుంది. అందరూ టిపికల్ నొక్కి వెళ్లిపోతారు. మీరు కస్టమ్ నొక్కండి. యూజర్ ఇంటర్‌ఫేస్ లాంగ్వేజెస్ అనే చోట తెలుగు ఎంచుకోండి, డిక్షనరీల దగ్గర కూడా తెలుగు ఉందో లేదో చూడండి. తర్వాత ఎక్సెల్, వర్డ్ ఫైళ్లను ఇకమీదట దేనితో తెరవాలని అడుగుతుంది. పాత ఎక్సెల్ తీసేయబోతున్నవాళ్లు అక్కడ టిక్కు పెట్టాలి. సక్రమంగా కొన్న ఎక్సెల్‌ను ఉంచుకుని ఇది పక్కన వేసుకునేవాళ్లు ఖాళీగా వదిలేయాలి. రెండూ ఒకే కంప్యూటర్‌లో కొట్టుకోకుండా ఉంటాయి.

పాత విండోస్ 7, 8 మీద 2025 ఆగస్టులో వచ్చిన 25.8 వెర్షన్ గానీ, ఆ తర్వాతివి గానీ నడవవు. విండోస్ 10 మీద నడుస్తాయి, కానీ ఆ విండోస్‌కే మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, కాస్త కొత్త ప్రాసెసర్ కావాలి. నిక్షేపంలా నడుస్తున్న కంప్యూటర్‌ను తూకానికి అమ్మి కొత్తది కొనమంటున్నారు. అమ్మకండి!

లైనక్స్ వేసుకోండి, పాత యంత్రాలకు ఊపిరి పోయండి

ఈ కరపత్రంలో మేము గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. విండోస్ 7తో, 10తో ఆగిపోయిన కంప్యూటర్లు మన బడుల్లో, సొసైటీ ఆఫీసుల్లో, ఇళ్లలో బోలెడు మూలన పడి ఉన్నాయి. వాటిలో విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే సిస్టమ్ వేసుకోవచ్చు. అదీ ఊరికే వస్తుంది, అదీ పంచుకోవచ్చు. 2 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. మింట్ వేస్తే లిబ్రేఆఫీస్ వేరుగా వేసుకోవాల్సిన పని లేదు, దాంట్లోనే వస్తుంది.

భయపడేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. మింట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్‌ను ఆన్ చేయవచ్చు. హార్డ్‌డిస్క్‌ను తాకకుండా పెన్‌డ్రైవ్ మీదే మొత్తం నడుస్తుంది. కాల్క్ తెరవండి, మీ ఫైలు ఒకటి చూడండి, ప్రింటర్ పలుకుతోందో లేదో, వైఫై అందుతోందో లేదో చూడండి. నచ్చకపోతే ఆపేసి పెన్‌డ్రైవ్ తీసేయండి, మీ విండోస్ మీకు ఎప్పటిలాగే ఉంటుంది. నచ్చితే అప్పుడు ఇన్‌స్టాల్ నొక్కండి. నొక్కేముందు మాత్రం ఫోటోలు, పద్దులు అన్నీ వేరే డిస్క్‌లోకి తీసి పెట్టుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త దగ్గర తొందరపడవద్దు, ఎవరినీ తొందర పెట్టనివ్వవద్దు.

ఉబుంటు అనే ఇంకో రకం లైనక్స్ వాడేవాళ్లలో కొందరికి ఇన్‌స్టాల్ చేశాక లిబ్రేఆఫీస్ కనిపించదు. 2023 చివరి నుంచి ఉబుంటు మామూలుగా తక్కువ ప్రోగ్రాములతోనే వస్తోంది. అందులోని యాప్ సెంటర్ తెరిచి పేరు వెతికి ఇన్‌స్టాల్ నొక్కితే చాలు. ఫెడోరా, డెబియన్ వాళ్లకు కూడా వాళ్ల సాఫ్ట్‌వేర్ అంగడిలోనే ఉంటుంది. లైనక్స్‌లో ఇదొక సుఖం: సైట్లు వెతుక్కోవడం, నకిలీల భయం ఉండవు. ఏది కావాలన్నా ఆ సిస్టమ్‌వాళ్లే పరీక్షించి తమ గోదాములో పెడతారు, అప్‌డేట్లు కూడా అన్నిటికీ కలిపి ఒక్కచోటే వస్తాయి. తెలుగు మెనూలకు మాత్రం తెలుగు భాషా ప్యాక్‌ను కూడా వెతికి వేసుకోవాలి.

మరీ పాత యంత్రం, ర్యామ్ బొత్తిగా తక్కువ అంటే న్యూమెరిక్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఉంది. గ్నోమ్ ప్రాజెక్టువాళ్లది. ఒట్టి లెక్కల పట్టిక మాత్రమే, చాలా తేలిక, చకచకా తెరుచుకుంటుంది. ఒకప్పుడు విండోస్‌కూ ఇచ్చేవాళ్లు, తర్వాత ఆపేశారు. ఇప్పుడు అది లైనక్స్‌వాళ్ల సొత్తు.

పొరుగున కేరళను చూడండి. అక్కడ ప్రభుత్వ బడుల కంప్యూటర్లలో కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు మీద కట్టిన లైనక్స్‌ను వేసింది. పిల్లలు లిబ్రేఆఫీస్ మీదే లెక్కలు, రాతలు నేర్చుకుంటున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ ఏళ్లుగా తెలుగులో ఇదే పని మీద ఉంది. చెన్నైలో సీడాక్ అనే సంస్థ ప్రభుత్వం తరఫున బాస్ అనే లైనక్స్ తయారుచేసింది. మన మండలంలో మన బడి హెడ్‌మాస్టరు గారికి ఈ సంగతి ఎవరైనా వెళ్లి చెప్పారా?

మ్యాక్, క్రోమ్‌బుక్, ఫోన్

మ్యాక్ వాళ్లు ముందు ఆపిల్ మెనూలో అబౌట్ దిస్ మ్యాక్ చూసుకోండి. ఎమ్1, ఎమ్2 లాంటి పేరు ఉంటే ఆపిల్ సిలికాన్ ఫైలు, ఇంటెల్ అని ఉంటే ఇంటెల్ ఫైలు దింపాలి. తెరిచి, బొమ్మను అప్లికేషన్స్‌లోకి లాగి వదిలితే అయిపోతుంది. మొదటిసారి తెరిచినప్పుడు నెట్ నుంచి వచ్చిన ప్రోగ్రామ్ అని అడుగుతుంది, ఓపెన్ నొక్కండి. తెలుగు ప్యాక్ మ్యాక్‌కు విడిగా దింపుకోవాలి. ముందు లిబ్రేఆఫీస్‌ను ఒకసారి తెరిచి మూసి, ఆ తర్వాత ప్యాక్ వేయాలి.

క్రోమ్‌బుక్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఐఫోన్‌లో కొలాబొరా ఆఫీస్ అనే యాప్ దొరుకుతుంది. లోపల ఉన్నది లిబ్రేఆఫీసే. ఖాతా తెరవక్కర్లేదు, ఫైలు మన ఫోన్‌లోనే ఉంటుంది. సంఘం మీటింగ్‌లో కూర్చుని పద్దు చూపించాలంటే ఇది చాలు. గూగుల్ షీట్స్ వాడుతున్నాం కదా అంటారు కొందరు. నలుగురు ఒకేసారి రాసే జాబితాలకు అది బాగుంటుంది. అప్పులు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు ఉన్న పద్దు మాత్రం మన డిస్క్‌లో, మన కళ్ల ముందు ఉండాలని మా గట్టి అభిప్రాయం.

వేసుకున్న వెంటనే చేయాల్సినవి

టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరవండి. మ్యాక్‌లో ఇది లిబ్రేఆఫీస్ మెనూ కింద ఉంటుంది. భాషల పేజీలో లోకేల్ అనే చోట ఇంగ్లిష్ ఇండియా ఎంచుకోండి. రూపాయి గుర్తు వస్తుంది, తేదీలో రోజు ముందు, నెల తర్వాత వస్తాయి, కామాలు లక్షలు కోట్ల లెక్కన పడతాయి. చాలామంది కామాల దగ్గరే విసిగి ఇది మనది కాదని వదిలేస్తున్నారు. ఈ ఒక్క మార్పుతో ఆ చిక్కు పోతుంది. అదే పేజీలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ దగ్గర టిక్కు పెట్టి తెలుగు ఎంచుకోండి. మెనూలు తెలుగులో కావాలంటే యూజర్ ఇంటర్‌ఫేస్ దగ్గర తెలుగు పెట్టి, మూసి తెరవండి. అనువాదం ఇంకా పూర్తి కాలేదు, కొన్ని మాటలు ఇంగ్లిషులోనే ఉంటాయి. ఆ మిగిలినవి తెలుగు చేసే పనికి డాక్యుమెంట్ ఫౌండేషన్ అందరినీ రానిస్తుంది, వెబ్‌లేట్ అనే చోట ఖాతా తెరిచి ఇంటర్ చదివే పిల్లలు కూడా చేయవచ్చు.

పేర్లు తెలుగులో కొట్టేవాళ్లు యూనికోడ్‌లోనే కొట్టండి. డీటీపీ కోసం అను ఫాంట్లతో కొట్టిన పాత పట్టికలు ఆ ఫాంట్ లేని చోట పిచ్చి అక్షరాలవుతాయి, అక్షర క్రమంలో పేర్చడానికీ వెతకడానికీ లొంగవు. యూనికోడ్‌లో కొడితే ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ఫోన్‌లోనైనా పేరు పేరులాగే ఉంటుంది. సీఎస్‌వీ ఫైలు తెరిచేటప్పుడు కాల్క్ ఒక పెట్టె చూపించి క్యారెక్టర్ సెట్ అడుగుతుంది. అక్కడ యూటీఎఫ్-8 ఎంచుకోండి, తెలుగు చక్కగా వస్తుంది.

ఫైలు దాచేటప్పుడు మన పద్దులను ఓడీఎస్ రకంలో దాచుకోండి. అది 2006 నుంచి అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 26300. దాని లోపలి అమరిక అంతా బహిరంగం కాబట్టి ఇరవై ఏళ్ల తర్వాత వేరే ప్రోగ్రామ్‌తోనైనా తెరుచుకునే వీలుంటుంది. ఆడిటర్‌కో బ్యాంకుకో ఎక్సెల్ రకమే కావాలంటే సేవ్ యాజ్‌లో ఎక్స్ఎల్ఎస్ఎక్స్ ఎంచుకుని ఒక కాపీ పంపండి.

ఎక్కడ ఇబ్బంది వస్తుంది?

దాచకుండా చెబుతున్నాం. ఎక్సెల్‌లో మాక్రోలు రాసుకున్న పెద్ద ఫైళ్లు ఇక్కడ కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. పవర్ క్వెరీ లేదు. జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నుల కోసం ఇచ్చే ఎక్సెల్ యుటిలిటీలు మాక్రోల మీదే కట్టినవి, వాటిని కాల్క్‌లో నమ్ముకోవద్దు. ఆ పనికి పోర్టల్‌లోనే నింపడమో, ఆడిటర్ దగ్గర చేయించడమో దారి. ఎక్సెల్‌లో చేసిన పట్టికలో కాలిబ్రి అక్షరాలు ఉంటే కార్లిటో అనే సమాన కొలతల ఫాంట్ వాటి స్థానంలో నిలబడుతుంది, అమరిక దాదాపు చెదరదు. అయినా ప్రింటు తీసేముందు ఒకసారి చూసుకోండి.

ఇంకొకటి అడగాలి. బహిరంగ ప్రమాణాలనే వాడాలని 2010లో, ఓపెన్ సోర్స్‌కు ముందు పీట వేయాలని 2015లో కేంద్ర ప్రభుత్వమే విధానాలు ప్రకటించింది. అలాంటప్పుడు పన్ను రిటర్నుల కోసం ఇచ్చిన యుటిలిటీ నడపడానికి పౌరుడు ఫలానా కంపెనీ సరుకు కొనాల్సిన పరిస్థితి ఎందుకు ఉంది? ఏ ఆఫీసు నుంచైనా ఎక్సెల్‌లో మాత్రమే తెరుచుకునే ఫారం వస్తే, ఓడీఎస్‌లో కూడా ఇవ్వమని ఒక ఉత్తరం రాయండి. సమాచార హక్కు దరఖాస్తు వేసి, ఆ ఆఫీసు ఏటా లైసెన్సులకు ఎంత కడుతోందో అడగండి.

ఇక మీరు చేయవలసింది

కోర్సు నేర్చుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫీజు కడుతున్నది మీరు. ల్యాబ్‌లో వేసిన ఆఫీస్‌కు లైసెన్సు ఉందా అని ఇన్‌స్టిట్యూట్‌వారిని మర్యాదగా అడగండి. లేకపోతే లిబ్రేఆఫీస్ మీద కూడా నేర్పమని అడగండి. ఇంటికి వెళ్లి అభ్యాసం చేయడానికి కాపీ ఇమ్మని అడగండి, లిబ్రేఆఫీస్ కాపీ అయితే వారు ఇవ్వగలరు.

కంప్యూటర్ అమ్మే, రిపేరు చేసే మిత్రులారా! కొనేవాళ్లు అడిగేది బిల్లు కొట్టడానికి, పట్టికలు గీయడానికి ఒక ప్రోగ్రామ్. అది మీరు చట్టబద్ధంగా ఊరికే వేసివ్వవచ్చు. వేసినందుకు, నేర్పినందుకు మీ కూలి మీరు తీసుకోండి, అది మీ హక్కు.

పొదుపు సంఘాల అక్కలారా! గ్రామ సమాఖ్య కంప్యూటర్‌లో ఈ నెల పద్దు పాత దాంట్లోనూ, కాల్క్‌లోనూ రెండింటిలో వేసి చూడండి. వడ్డీ, వాయిదా, నిల్వ మూడూ సరిపోయాకే మారండి. ఫార్ములాలు ఉన్న గడులను కాల్క్‌లో షీట్ ప్రొటెక్ట్ చేసి పెట్టుకుంటే పొరపాటున ఎవరి వేలు తగిలినా చెరిగిపోవు.

మాస్టార్లూ, టీచరమ్మలూ! బడిలో మూలన ఉన్న ఒక్క కంప్యూటర్‌తో మొదలుపెట్టండి. పదో తరగతి పిల్లల్లో ఇద్దరికి చూపిస్తే మిగతా కంప్యూటర్లు వాళ్లే చూసుకుంటారు.

ఊళ్లో ఒక ఆదివారం పూట శాఖా గ్రంథాలయంలోనో, బడి వరండాలోనో, సంఘం ఆఫీసులోనో బల్లలు వేయండి. పెద్ద ఖర్చేమీ లేదు. రెండు ఎక్స్‌టెన్షన్ బోర్డులు కావాలి. ఖాళీ హార్డ్‌డిస్క్ ఒకటి కావాలి, వచ్చినవాళ్ల ఫైళ్లు ముందు దాంట్లోకి తీయడానికి. ఒక పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఫైలు, మ్యాక్ ఫైళ్లు రెండూ, తెలుగు ప్యాక్‌లు పెట్టండి. ఇంకొక పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ మింట్ ఎక్కించండి. వచ్చినవాళ్ల చేతే మౌస్ పట్టించండి, మీరు పక్కన నిలబడి చెప్పండి. దొంగ ఎక్సెల్ తీసేయడం అదే రోజు వద్దు. నెల రోజులు కాల్క్‌లో పని చేసుకున్నాక వాళ్లంతట వాళ్లే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి తీసేయాలి. యాక్టివేటర్‌తో వచ్చిన యంత్రమైతే ఆ రోజే యాంటీవైరస్ మళ్లీ ఆన్ చేసి పూర్తి స్కాన్ పెట్టించండి, అప్‌డేట్లు తెరిపించండి.

ఈ కరపత్రాన్ని జెరాక్స్ తీసుకోవచ్చు, వాట్సాప్‌లో పంపవచ్చు, మీ ఊరికి తగ్గట్టు మార్చి అచ్చు వేసుకోవచ్చు. మమ్మల్ని అడగక్కర్లేదు.